బరువు తగ్గించే గ్రూపు నడుపుతూ మీ అప్పులు తీర్చుకోవడం ఎలా?

"ప్రతి బ్యాచ్‌కీ ఫీజు వస్తూనే ఉంది. చేతిలో డబ్బు ఆడుతూనే ఉంది. అప్పు మాత్రం ఎక్కడి గొంగళి అక్కడే ఉంది. ఎందుకు?"

బరువు తగ్గించే గ్రూపులు నడిపేవాళ్లు నన్ను ఎక్కువసార్లు అడిగే ప్రశ్న ఇది. కొందరు ఇంట్లోనే పదిమందితో నడుపుతారు, కొందరు హాలు అద్దెకు తీసుకుంటారు, కొందరు వీడియో కాల్‌లో కానిస్తారు. ప్రశ్న మాత్రం మారదు. నేనూ గ్రూపు నడుపుతూనే అప్పులు తీర్చినదాన్ని. మధ్యలో ఒకసారి గట్టి దెబ్బ తిన్నాను. అందుకే విడివిడిగా చెప్పే జవాబులన్నీ ఒక్కచోట వరసగా రాస్తున్నాను.

అసలు విషయం ముందే చెప్పేస్తాను. ఎనిమిది వారాల ఫీజు మొదటి రోజే మీ చేతికొస్తే, అది ఇంకా మీ సంపాదన కాదు. ఆ ఎనిమిది వారాలూ మీరు సభ్యులకు బాకీ ఉన్నట్టే. ఒక బాకీని తీసుకెళ్లి ఇంకో బాకీ తీరుస్తున్నారు కాబట్టే అప్పు తగ్గినట్టు కనిపించి మళ్లీ పెరుగుతోంది. కింద చెప్పే పద్ధతికి ఇదే ఆధారం.

లెక్కల్లో వాడిన అంకెలు ఉదాహరణకే. మీ ఫీజు ఎంతయినా, మీ డబ్బు ఏ దేశానిదైనా పద్ధతి ఒకటే.

ఏమేం దగ్గర పెట్టుకోవాలి

- అప్పులన్నింటి కాగితాలు: కార్డు స్టేట్‌మెంట్లు, లోను పత్రాలు, చేబదులు తీసుకున్నవాటి లెక్క
- గత మూడు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు
- గ్రూపు సభ్యుల జాబితా: ఎవరు ఎంత కట్టారు, ఎన్ని వారాలు అయ్యాయి, ఇంకా ఎన్ని మిగిలాయి
- గ్రూపు కోసం మాత్రమే వాడే ఒక బ్యాంకు ఖాతా. వీలుకాకపోతే తాళం వేసే డబ్బా ఒకటి
- ఒక నోటుబుక్కు. యాప్ వాడే అలవాటు ఉంటే అదే వాడండి, కొత్తగా నేర్చుకోవాల్సిన పనిలేదు
- ఎవరూ పిలవని రెండు గంటలు

చివరిది అన్నిటికంటే కష్టం. సభ్యుల మెసేజీలు ఆగవు కాబట్టి ఆ రెండు గంటలూ ఫోన్ పక్క గదిలో పెట్టేయండి.

మొదటి మెట్టు: అప్పులన్నీ ఒకే పేజీలో రాయండి

ఒక్కో అప్పుకీ ఒక్కో గీత. ఎవరికి, ఇవాళ్టికి అసలు ఎంత మిగిలింది, ఏడాదికి వడ్డీ ఎంత శాతం, నెలకు కనీసం ఎంత కట్టాలి, ఏ తేదీకి కట్టాలి. ముందుగా తీర్చేస్తే జరిమానా ఏమైనా ఉందేమో కూడా చూసి రాయండి.

గుర్తున్నంత వరకు రాసి సరిపెట్టుకోకండి. గ్రూపులో ఆహారం డైరీ రాయించే మీకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. మనిషి తిన్నదానికంటే తక్కువే రాస్తాడు, కావాలని కాదు, నిజంగానే గుర్తుండదు. అప్పులూ అంతే. ప్రతి అంకెనూ స్టేట్‌మెంటు చూసే రాయండి.

వడ్డీ శాతం దగ్గర ఒక జాగ్రత్త. "ఫ్లాట్ 12 శాతం" అని ఇచ్చిన లోను నిజంగా 12 శాతం కాదు. మీరు నెలనెలా అసలు తీరుస్తున్నా, వడ్డీ మాత్రం మొదట తీసుకున్న మొత్తం మీదే లెక్కకడతారు. ఏడాదిలో పన్నెండు వాయిదాల్లో తీరే లోను అయితే, తగ్గే బాకీ లెక్కలో అది 21 శాతం దాటుతుంది. నెలకు 3 శాతం అన్నది చెవికి చిన్నగా వినిపిస్తుంది కానీ ఏడాదికి 36 శాతం, వడ్డీ మీద వడ్డీ కూడా పడితే 42 శాతం దాటుతుంది. అందుకే అన్నిటినీ ఏడాది శాతంలోకి, తగ్గే బాకీ లెక్కలోకి మార్చి రాయండి. లెక్క తేలకపోతే అప్పు ఇచ్చినవాళ్లనే అడగండి. అడిగే హక్కు మీకుంది.

రెండో మెట్టు: గ్రూపు డబ్బు, ఇంటి డబ్బు విడదీయండి

ఫీజు అంతా గ్రూపు ఖాతాలోకే రావాలి. హాలు అద్దె, ప్రింటింగ్, తూకం యంత్రం బ్యాటరీ, అన్నీ అందులోంచే పోవాలి. మీ ఇంటి సామాను, మీ ఫోన్ బిల్లు, మీ నడక బూట్లు అందులోంచి కొనకూడదు. "బూట్లు గ్రూపు కోసమేగా" అని మనసు సర్దిచెబుతుంది. గ్రూపు లేకపోయినా అవి కొనేవాళ్లేనా అని అడగండి. కొనేవాళ్లే అయితే అది ఇంటి ఖర్చు.

రెండో ఖాతా తెరవడం కుదరకపోతే ఫీజు నగదుగా తీసుకుని డబ్బాలో పెట్టండి. డబ్బా పైమూత మీద ఒక కాగితం అంటించి, వేసినప్పుడూ తీసినప్పుడూ తేదీతో రాయండి. నేను మొదటి రెండు బ్యాచ్‌లు ఇలాగే నడిపాను, బాగానే పనిచేసింది.

మూడో మెట్టు: గ్రూపు మీకు నిజంగా ఎంత మిగులుస్తోందో తేల్చండి

ఇక్కడ తొందరపడకండి. ఉదాహరణ చూద్దాం.

ఎనిమిది వారాల బ్యాచ్. మనిషికి 800 ఫీజు, అంటే వారానికి 100. పదిహేనుమంది చేరారు. మొత్తం 12,000.

హాలు వారానికి 400, ఎనిమిది వారాలకు 3,200. ప్రింటింగ్, చిల్లర ఖర్చులు కలిపి 800. పన్ను కోసం పక్కన పెట్టేది 1,000. మీరుండే చోట చిన్న గ్రూపు ఆదాయం మీద పన్ను ఎంత, రిజిస్ట్రేషన్ కావాలా అన్నది కనుక్కుని ఈ అంకె మార్చుకోండి. మిగిలింది 7,000. వారానికి 875.

మొదటి రోజు కళ్లముందు కనిపించిన 12,000కీ, చివరికి మీదని చెప్పుకోగలిగిన 7,000కీ ఎంత తేడా ఉందో చూడండి. చాలామంది మొదటి అంకెను చూసి ఖర్చు పెడతారు.

ఇంకో తేడా కూడా ఉంది. బ్యాచ్‌కీ బ్యాచ్‌కీ మధ్య రెండు వారాలు ఖాళీ ఉంటే, ఆ 7,000 నిజానికి పది వారాల సంపాదన. ఏడాదికి ఐదు బ్యాచ్‌లు, 35,000. నెలకు దాదాపు 2,900. కొత్త సంవత్సరం మొదట్లో జనం ఎక్కువగా చేరతారు, సెలవుల కాలంలో పలచబడతారు. ఆ మంచి నెలను చూసి ఏడాదంతా లెక్కేస్తే మధ్యలో బోల్తా పడతారు. అందుకే ఈ ఉదాహరణలో గ్రూపు నుంచి నెలకు 2,500 వస్తుందనుకుని ప్లాన్ వేయండి. ఆ పైన వచ్చింది అత్యవసర నిధిలోకి వెళ్తుంది.

గంటలు కూడా లెక్కపెట్టండి. మీటింగ్ రెండు గంటలే అయినా సిద్ధం కావడానికీ, రాత్రిపూట మెసేజీలకు జవాబులివ్వడానికీ ఇంకో మూడు గంటలు పడతాయి. వారానికి ఐదు, బ్యాచ్‌కి నలభై. 7,000ను 40తో భాగిస్తే గంటకు 175. మీరు చేయగల వేరే పనికి ఇంతకంటే బాగా ఎక్కువ వస్తుంటే, ఫీజు పెంచాలా, మెసేజీలకు సమయం కట్టుబాటు పెట్టాలా అని ఆలోచించాల్సిందే. గ్రూపు మీద ఎంత ప్రేమ ఉన్నా ఈ లెక్క చూడకుండా ఉండకండి.

నాలుగో మెట్టు: ఫీజును వారం వారం మాత్రమే మీ ఖాతాలోకి వదలండి

అన్నిటిలోకీ ముఖ్యమైన మెట్టు ఇదే.

మీటింగ్ అయిపోయాక, అదే రోజు, ఆ వారం వాటా మాత్రమే గ్రూపు ఖాతా నుంచి మీ ఖాతాకు మార్చండి. పై ఉదాహరణలో 875. మీటింగ్ జరగకపోతే మార్చకూడదు. సాయంత్రం వేళ ఒక్కసారి చేసే ఈ పనికి రెండు నిమిషాలు కూడా పట్టదు.

నా దెబ్బ ఇక్కడే తగిలింది. ఒకసారి పన్నెండు వారాల ఫీజు మొత్తం చేతికి రాగానే అదే రోజు కార్డు బాకీ కట్టేశాను. గుండెల మీది బరువు దిగినట్టయింది, ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను. నాలుగో వారంలో హాలువాళ్లు ఉన్నట్టుండి స్థలం కుదరదన్నారు. కొత్త హాలుకి అడ్వాన్సు కావాలి. అదే వారం ఇద్దరు సభ్యులు వేరే ఊరికి మారిపోతూ మిగిలిన ఫీజు వెనక్కి అడిగారు. ఇవ్వడానికి గ్రూపు డబ్బంటూ లేదు. ఆ కార్డే మళ్లీ గీశాను. ఈసారి నగదు తీసినందుకు ఛార్జీ కూడా పడింది. నెల తిరిగేసరికి మొదటికంటే ఎక్కువ బాకీలో ఉన్నాను. అప్పటినుంచీ వారం వాటా తప్ప ఒక్క పైసా ముందుగా తీసుకోలేదు.

ఇది కష్టమనిపిస్తే వేరే దారి ఉంది. ఫీజు మొత్తం ముందే తీసుకోకుండా వచ్చిన వారానికి ఆ వారం ఫీజు తీసుకోండి. ఇది పాత పద్ధతే. జీన్ నిడెచ్ 1963లో న్యూయార్క్‌లో వెయిట్ వాచర్స్ అనే బరువు తగ్గించే గ్రూపు మీటింగులు మొదలుపెట్టినప్పుడు తలుపు దగ్గర వచ్చినవాళ్ల నుంచి 2 డాలర్లు తీసుకునేవారు. లాభం ఏమిటంటే రీఫండ్ గొడవే ఉండదు. నష్టం కూడా ఉంది: బరువు పెరిగిన వారం సభ్యులు ఎగ్గొడతారు, ఆ వారం మీ ఆదాయమూ పోతుంది. నా మటుకు నాకు మధ్యదారి నచ్చుతుంది, అంటే నాలుగు వారాలకోసారి కట్టించుకోవడం.

ఐదో మెట్టు: ఇంటి బడ్జెట్

దీని గురించి ఎక్కువ రాయను, మూడు గీతలు చాలు.

పైన: అన్ని అప్పుల కనీస వాయిదాలు. మధ్యలో: ఇల్లు, తిండి, కరెంటు, ప్రయాణం, మందులు, చదువులు. కింద: ఏడాదికోసారి వచ్చే ఖర్చులు పన్నెండుతో భాగించి. బీమా, రిపేర్లు, ఫీజులు ఈ కింది గీతలోకే వస్తాయి. బడ్జెట్లు చెడిపోయేది ఎక్కువగా వీటివల్లే. అవి వస్తాయని తెలుసు, అయినా వచ్చిన నెల "అనుకోని ఖర్చు" అంటాం.

వేరే ఉద్యోగమో, ఇంట్లో ఇంకొకరి జీతమో ఉంటే ఈ మూడు గీతలూ దాంతోనే నడవాలి. గ్రూపు డబ్బు పూర్తిగా అప్పు మీదికి పోవాలి. గ్రూపే మీ ఏకైక ఆధారమైతే గత ఆరు నెలల్లో అన్నిటికంటే తక్కువ వచ్చిన నెల ఏదో చూసి, ఆ అంకె మీద బడ్జెట్ కట్టండి.

ఒక హెచ్చరిక. మొదటి నెలే ఖర్చులన్నీ సగానికి కోసేయకండి. మూడు రోజులు పస్తులుండి నాలుగో రోజు అదుపు తప్పిన సభ్యుల్ని మీరు ఎంతమందిని చూసి ఉంటారు! వారానికి అరకిలో నుంచి కిలో వరకు తగ్గితే చాలని వాళ్లకు చెప్పే మీరు, మీ ఇంటి ఖర్చు దగ్గర ఎందుకు తొందరపడాలి? ఒక నెలలో ఒక ఖర్చు తగ్గించండి, అది అలవాటయ్యాక రెండోది. చిన్న సరదాకి కొంచెం డబ్బు బడ్జెట్‌లోనే రాసి పెట్టండి. రాసి ఉన్న సరదా బడ్జెట్‌ను చెడగొట్టదు.

ఆరో మెట్టు: చిన్న అత్యవసర నిధి, ఆ తర్వాతే అదనపు చెల్లింపు

అదనంగా అప్పు తీర్చడం మొదలుపెట్టే ముందు కనీసం రెండు వారాల ఇంటి ఖర్చుకు సరిపడా డబ్బు పక్కన పెట్టండి. గ్రూపు ఖాతాలో కూడా ఒక నెల హాలు అద్దె అదనంగా ఉంచండి. 36 శాతం వడ్డీ కడుతూ డబ్బు ఖాళీగా ఉంచడం ఏమిటని అనిపిస్తుంది. అది లేకపోతే ఒక పంటి నొప్పి చాలు, తీర్చిన కార్డు మళ్లీ బయటికి రావడానికి.

ఏడో మెట్టు: ఏ అప్పు ముందు?

రెండు దారులున్నాయి. వడ్డీ ఎక్కువున్నది ముందు తీర్చడం, లేదా చిన్న బాకీ ముందు తీర్చడం. మొదటిదానిలో మొత్తం మీద కట్టే వడ్డీ తక్కువ. రెండోదానిలో ఒక అప్పు త్వరగా మూసేసి ఊపిరి పీల్చుకుంటారు. ఈ రెండోదాన్ని తేలిగ్గా తీసిపారేయలేం. డేవిడ్ గాల్, బ్లేక్లీ మెక్‌షేన్ అనే పరిశోధకులు 2012లో ప్రచురించిన అధ్యయనంలో, ఖాతాలు ఒక్కొక్కటిగా మూసేసినవాళ్లు మొత్తం అప్పు నుంచి బయటపడే అవకాశం ఎక్కువని తేలింది.

నా సలహా ఇది. వడ్డీల మధ్య తేడా పెద్దగా ఉంటే వడ్డీ ఎక్కువున్నదే ముందు. 40,000 కార్డు బాకీ మీద 36 శాతం ఉంటే నెలకు 1,200 వడ్డీకే పోతుంది. 12,000 వాయిదాల అప్పు మీద 16 శాతం అయితే నెలకు 160. ఇక్కడ ఆలోచించడానికి ఏముంది, కార్డే ముందు. వడ్డీలు నాలుగైదు శాతం తేడాలో ఉంటే చిన్నది ముందు మూసేయండి. ఇంతకుముందు రెండుసార్లు మొదలుపెట్టి మధ్యలో మానేసినవారైతే, తేడా కాస్త ఎక్కువున్నా చిన్నదాంతోనే మొదలుపెట్టండి.

ఒక మినహాయింపు: కట్టకపోతే ఇల్లో, బండో పోయే అప్పులు. వాటి వాయిదా ఏ నెలా తప్పకూడదు, వరసలో అవి ఎక్కడున్నా సరే.

ఎనిమిదో మెట్టు: కట్టే మొత్తాన్ని తగ్గనివ్వకండి

కార్డు బిల్లులో కనీస చెల్లింపు నెలనెలా కొంచెం కొంచెం తగ్గుతూ ఉంటుంది. అది ఉపకారం కాదు.

1,00,000 బాకీ, నెలకు 3 శాతం వడ్డీ అనుకోండి. కనీస చెల్లింపు బాకీలో 5 శాతం. మొదటి నెల 5,000 కడతారు, అందులో 3,000 వడ్డీకే పోతుంది. తర్వాత నెల 4,900 చాలంటారు, ఆ తర్వాత 4,802. అలా వాళ్లడిగినంతే కడుతూ పోతే 31 నెలల తర్వాత ఇంకా 53,000 పైగా మిగిలే ఉంటుంది. అదే, మొదటి నెల కట్టిన 5,000నే మార్చకుండా ప్రతి నెలా కట్టారనుకోండి, సరిగ్గా 31 నెలలకు బాకీ సున్నా.

మొదటి నెలలో రెండు పద్ధతుల్లోనూ కట్టింది ఒకటే. తేడా అంతా తర్వాతి నెలల్లో తగ్గించకుండా కట్టడంలోనే ఉంది. కార్డు మీద కొత్త ఖర్చు పెట్టకపోతేనే ఈ లెక్క నిలబడుతుందని మాత్రం గుర్తుంచుకోండి.

అందుకే ఇవాళ కడుతున్న అంకెను నోటుబుక్కులో పెద్దక్షరాలతో రాసి, ఆటో పేమెంట్ పెట్టేయండి. గ్రూపు నుంచి వచ్చే 2,500 దానికి కలపండి. ఒక అప్పు మూసిన నెల దాని వాయిదా మొత్తం తర్వాతి అప్పు మీదికి మళ్లించండి.

అదనంగా కట్టేటప్పుడు అది అసలు కింద జమ కావాలని అప్పు ఇచ్చినవాళ్లకు రాసి చెప్పండి. కొన్నిచోట్ల దాన్ని వచ్చే నెల వాయిదాగా జమ వేసుకుంటారు. అప్పుడు మీరు అదనంగా కట్టిన లాభమే ఉండదు.

తొమ్మిదో మెట్టు: తూకం రోజే డబ్బు తూకం

గ్రూపులో ఏ రోజు బరువు చూస్తారో ఆ రోజే, ఇంటికొచ్చాక పది నిమిషాలు. మూడు అంకెలు రాయండి: మొత్తం అప్పు, గ్రూపు ఖాతాలో నిల్వ, ఈ వారం మీరు పెట్టిన ఖర్చు.

ఒక వారం అంకె చూసి సంతోషపడొద్దు, బెంగపడొద్దు. ఒంట్లో నీరు, ఉప్పు, తూకం చూసిన వేళను బట్టి బరువు కిలో, రెండు కిలోలు అటూ ఇటూ అవుతుందని మీరే సభ్యులకు చెబుతారు. వాయిదా పడిన వారానికీ, పడని వారానికీ డబ్బు లెక్క కూడా అలాగే ఊగుతుంది. నాలుగు వారాల కిందటి అంకెతో పోల్చండి.

బాగోలేని వారం తప్పనిసరిగా రాయండి. బరువు పెరిగిందని తెలిసిన వారమే సభ్యులు తూకం తప్పించుకుంటారు కదా. విప్పకుండా సొరుగులో పడేసిన బిల్లు కూడా అలాంటిదే.

ఎక్కువమంది చేసే తప్పులు

*పందెం డబ్బు ముట్టుకోవడం.* "అందరం కొంత వేద్దాం, ఎక్కువ తగ్గినవాళ్లకి బహుమతి" అని కొన్ని గ్రూపుల్లో పెడతారు. ఆ డబ్బు మీ దగ్గర దాచిపెట్టినది మాత్రమే. ఒక్కరోజు అవసరానికి వాడినా నమ్మకం పోతుంది. నన్నడిగితే అసలు పెట్టకండి. ఎక్కువ తగ్గినవాళ్లకి డబ్బు అంటే ఆఖరి వారం నీళ్లు కూడా తాగకుండా తూకానికి వస్తారు. బహుమతి ఇవ్వాలంటే ప్రతి వారం వచ్చినందుకు ఇవ్వండి.

*అప్పు చేసి సరుకు కొనడం.* పొడులు, మాత్రలు, షేకులు డబ్బాలకు డబ్బాలు కొని సభ్యులకు అమ్మితే లాభమని ఎవరో చెబుతారు. అమ్ముడుపోనిది ఇంట్లో మూలన పడి ఉంటుంది, వాయిదా మాత్రం ఆగదు. పైగా సలహా చెప్పే మనిషే సరుకు అమ్మితే, సలహాను ఎవరు నమ్ముతారు? ఇప్పటికే కొని ఉంటే తెరవనివి వెనక్కి తీసుకుంటారేమో ఇవాళే అడగండి.

*హామీలు ఇవ్వడం.* "ఐదు కిలోలు తగ్గకపోతే డబ్బు వాపస్" అనకండి. అది మీ చేతిలో లేని విషయం మీద రాసిచ్చిన ప్రామిసరీ నోటు లాంటిది. రీఫండ్ నియమం చేరేటప్పుడే కాగితం మీద ఇవ్వండి: మానేసిన నాటికి మిగిలిన వారాల ఫీజు వెనక్కి, జరిగిన వారాలది కాదు. నాలుగో మెట్టు పాటిస్తే ఈ డబ్బు ఎప్పుడూ ఖాతాలో సిద్ధంగానే ఉంటుంది.

*తెలిసినవాళ్లందరికీ ఉచితం.* పదిహేనుమందిలో నలుగురు ఉచితమైతే పై లెక్కలో 3,200 పోతుంది, అంటే హాలు అద్దె మొత్తం. డబ్బు లేనివాళ్లకు చోటు ఇవ్వాలనుకోవడం మంచిదే. బ్యాచ్‌కి ఒక చోటు అని ముందే నిర్ణయించుకోండి, దాని ఖర్చు లెక్కలో రాయండి.

*ఆరోగ్య ప్రశ్నలు అడగకుండా చేర్చుకోవడం.* ఇది డబ్బు విషయం కాదనిపిస్తుంది, కానీ ఒక్క ప్రమాదం మీ గ్రూపునే మూయించగలదు. అంతకంటే ముందు, అది ఒక మనిషి ప్రాణం. ఇన్సులిన్ గానీ, షుగర్‌ను దించే కొన్ని మాత్రలు గానీ వాడేవాళ్లు తిండి ఉన్నట్టుండి తగ్గిస్తే షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. వాళ్లు, గర్భిణులు, తిండి విషయంలో మానసిక ఇబ్బంది ఉన్నవాళ్లు డాక్టరును కలిసి వచ్చాకే చేరాలి. చేరే ఫారంలో ఈ ప్రశ్నలు పెట్టండి.

*సభ్యుల దగ్గర చేబదులు.* వద్దు. ఎంత దగ్గరివాళ్లయినా వద్దు. అప్పిచ్చిన మనిషి బరువు పెరిగిన వారం మీరు నిజం చెప్పలేరు.

"నాకు అప్పులున్నాయని సభ్యులకు చెప్పాలా?" అని కూడా అడుగుతారు. అంకెలు చెప్పనక్కరలేదు. కానీ లేని దర్జా చూపించడానికి ఖర్చు పెట్టకండి. అప్పున్నందుకు సిగ్గుపడొద్దని చెప్పడం తేలికే, ఆ సిగ్గు ఎంత కుదిపేస్తుందో నాకు తెలుసు. మీ గ్రూపులో మొదటిసారి తూకం ఎక్కే మనిషి మొహం గుర్తు తెచ్చుకోండి. ఆమెతో ఎంత మెత్తగా మాట్లాడతారో మీతో మీరూ అలాగే మాట్లాడుకోండి.

కనీస వాయిదా కూడా కట్టలేని పరిస్థితి వస్తే

తేదీ దాటకముందే అప్పు ఇచ్చినవాళ్లకు ఫోన్ చేయండి. దాటాక చేసే ఫోన్‌కి విలువ తక్కువ. వడ్డీ తగ్గించమని, వాయిదాల గడువు పెంచమని అడగండి, ఒప్పుకున్నది రాతలో తీసుకోండి. లాభాపేక్ష లేకుండా అప్పుల సలహా ఇచ్చే సంస్థలు మీకు దగ్గరలో ఉంటే వెళ్లండి. నిమిషాల్లో అప్పు ఇస్తామనే యాప్‌ల జోలికి వెళ్లకండి. గ్రూపును మధ్యలో ఆపేయాల్సి వస్తే మిగిలిన వారాల ఫీజు లెక్కగట్టి వెనక్కి ఇచ్చేయండి.

సరిగ్గా చేస్తున్నారో లేదో చూసుకోవడం

నాలుగు వారాలకోసారి ఈ నాలుగూ చూడండి.

1. గ్రూపు ఖాతా నిల్వ. సభ్యుల సంఖ్యను మిగిలిన వారాలతో, వారం ఫీజుతో గుణించండి. పై ఉదాహరణలో మూడో వారం అయ్యాక 15 × 5 × 100, అంటే 7,500. ఖాతాలో అంతకంటే తక్కువ ఉంటే మీరు సభ్యుల డబ్బు వాడుతున్నారు. అప్పు మీద అదనపు చెల్లింపు ఆపి, ముందు దాన్ని పూడ్చండి.

2. మొత్తం అప్పు. నాలుగు వారాల కిందటికంటే తగ్గిందా? కట్టిన డబ్బులోంచి వడ్డీ తీసేస్తే ఎంత తగ్గాలో అంత తగ్గిందా? తేడా ఉంటే కొత్త ఖర్చు ఎక్కడో చేరింది, లేదా ఏదో ఛార్జీ పడింది. స్టేట్‌మెంటులో వెతకండి, దొరుకుతుంది.

3. అదనంగా కట్టింది అసలు కిందే జమ అయిందా?

4. కొత్త అప్పు ఏదైనా మొదలైందా? వాయిదాల మీద కొన్న ఫోన్ కూడా కొత్త అప్పే.

నాలుగింటిలో మూడు బాగుండి ఒకటి బాగోలేకపోతే ప్లాన్ మొత్తం మార్చకండి, ఆ ఒక్కటే సరిచేయండి. రెండుసార్లు వరసగా మొదటిది తప్పితే మాత్రం ఫీజు తీసుకునే పద్ధతి మార్చి, వారం వారం కట్టించుకోండి.

ఒక అప్పు పూర్తిగా తీరిన రోజు బాకీ ఏమీ లేదన్న కాగితం అడిగి తీసుకుని భద్రపరచండి. తాకట్టు పెట్టిన పత్రాలుంటే అవీ వెనక్కి తీసుకోండి. రెండు, మూడు నెలల తర్వాత మీ క్రెడిట్ రిపోర్టులో ఆ ఖాతా మూసినట్టు కనిపిస్తోందో లేదో చూడండి. కనిపించకపోతే ఆ కాగితం జతచేసి సరిచేయమని రాతపూర్వకంగా అడగండి. ఆఖరి అప్పు తీరాక కూడా మీటింగ్ రోజు సాయంత్రం ఆ వారం వాటా మార్చడం ఆపకండి, అది వెళ్లే ఖాతా మాత్రమే మార్చండి: మూడు నెలల ఇంటి ఖర్చు నిండే వరకు అత్యవసర నిధిలోకి.